పోర్ట్రెయిట్‌కు పాత మాన్యువల్ లెన్స్: హీలియోస్, జూపిటర్, నికార్‌లలో ఏది మేలు?

ఒక్కటే కొనగలిగితే నికార్ 105 మి.మీ. ఎఫ్/2.5 కొనండి. నా మాట ఇదే. అయితే మీ గది ఎంత పొడవుంది, మీ చేతిలో ఏ కెమెరా ఉంది అన్నవి తెలిస్తే ఈ మాట మార్చుకోవలసి రావచ్చు. అందుకే మిగతా రెండింటినీ దాని పక్కన పెట్టి చెబుతున్నాను. ఒకటి హీలియోస్ 44-2 (58 మి.మీ. ఎఫ్/2), రెండోది జూపిటర్-9 (85 మి.మీ. ఎఫ్/2). రెండూ సోవియట్ తయారీ, రెండింటి మూలమూ జర్మనీ జైస్ డిజైన్లే. హీలియోస్‌కు బయోటార్, జూపిటర్‌కు సోన్నార్.

ముందు గది సంగతి చూద్దాం. చాలామంది దగ్గర ఉండేది 1.5 రెట్ల క్రాప్ సెన్సార్ కెమెరా, అంటే ఫుల్ ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్మ్ సైజు) కంటే చిన్న సెన్సార్ ఉన్నది. దాన్ని నిలువుగా పట్టుకుని తల, భుజాలు వచ్చేలా, అంటే ఫ్రేములో 60 సెంటీమీటర్ల ఎత్తు పట్టేలా తీయాలనుకోండి. హీలియోస్‌తో ఒకటిన్నర మీటరు దూరం చాలు. జూపిటర్‌తో రెండుంబావు, నికార్‌తో దాదాపు 2.8 మీటర్లు కావాలి. పది బై పన్నెండు అడుగుల గదిలో మంచం, బీరువా ఉన్నాక నికార్‌తో మీ వీపు గోడకు ఆనుతుంది. మనిషిని నిలువెత్తున తీయాలంటే హీలియోస్‌కు ఐదు మీటర్లు, నికార్‌కు తొమ్మిది. అంటే డాబా మీదకో వీధిలోకో వెళ్లాల్సిందే. ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితే ఈ దూరాలు మూడింట రెండు వంతులకు దిగుతాయి.

వెనకభాగం ఎంత కరిగిపోతుంది అన్నది తర్వాతి ప్రశ్న. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ కంత (అపర్చర్) పెద్దదవుతుంది కాబట్టి, ఎఫ్/2 అనగానే ఎఫ్/2.5 కంటే ఎక్కువ బ్లర్ వస్తుందనుకుంటారు. కానీ తల ఫ్రేములో ఒకే సైజులో ఉంటే దూరంగా ఉన్న చెట్ల బ్లర్ లెన్స్ కంత వెడల్పును బట్టి ఉంటుంది. లెన్స్ మి.మీ. అంకెను ఎఫ్ అంకెతో భాగిస్తే ఆ వెడల్పు వస్తుంది. 58ని 2తో భాగిస్తే 29 మి.మీ., 85ని 2తో భాగిస్తే 42.5, 105ని 2.5తో భాగిస్తే 42. జూపిటర్, నికార్ దాదాపు సమానం, హీలియోస్ వాటికంటే బాగా తక్కువ. ముఖంలో స్పష్టంగా ఉండే లోతు మాత్రం ఎఫ్ అంకెను బట్టే ఉంటుంది. పైన చెప్పిన ఫ్రేముకు క్రాప్ సెన్సార్ మీద ఎఫ్/2 దగ్గర ఐదున్నర సెంటీమీటర్లు, ఎఫ్/2.5 దగ్గర ఏడు. చేత్తో ఫోకస్ తిప్పేవాళ్లకు ఆ ఒకటిన్నర సెంటీమీటరు చాలా పెద్ద ఊరట. కూర్చున్న మనిషి ఊపిరి తీసుకుంటేనే కన్ను ఫోకస్ దాటిపోతుంది మరి.

హీలియోస్‌ను జనం కొనేది సుడి బొకే (వెనకభాగపు బ్లర్ తీరు) కోసం. ఫ్రేము అంచుల్లో వెలుగు చుక్కలు గుండ్రంగా కాకుండా బాదంగింజల్లా నలిగి, అన్నీ మధ్యలోని ముఖం చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. వేపచెట్టు ఆకుల సందుల్లోంచి ఎండ పడుతూ, ఆ చెట్టు మనిషికి నాలుగైదు మీటర్ల వెనక ఉంటే అద్భుతంగా వస్తుంది. అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పని సంగతి ఒకటుంది. సుడి పుట్టేది అంచుల్లో, క్రాప్ సెన్సార్ కత్తిరించేసేది ఆ అంచుల్నే. సుడి మీద మోజుతో హీలియోస్ తెచ్చుకుని క్రాప్ కెమెరాకు తగిలిస్తే సగం నిరాశే మిగులుతుంది. సుడి సంగతి పక్కన పెట్టినా అది మంచి లెన్సే. ఫ్రేము మధ్యలో పదును బాగుంటుంది, అర మీటరు దగ్గర దాకా ఫోకస్ అవుతుంది, మూడింట్లోకీ చవక. చిన్న గదిలో పసిపిల్లల్ని తీసేవాళ్లకు నేను దీన్నే చెబుతాను.

జూపిటర్-9 మీద నాకు మమకారం ఎక్కువ. అపర్చర్‌ను మూసే బ్లేడ్లు పదిహేను ఉంటాయి. ఎంత మూసినా అపర్చర్ గుండ్రంగానే ఉంటుంది. ఎఫ్/2 దగ్గర కాంట్రాస్ట్ తక్కువ, వెలుగు అంచులు కాస్త పొగమంచు పట్టినట్టు మెత్తగా ఉంటాయి. మా నాయనమ్మను వరండాలో, వాలుపొద్దు వెలుగులో తీసినప్పుడు ఆమె ముఖంలోని ముడతలన్నీ ఉన్నాయి, ఒక్కటీ గీత గీసినట్టు లేదు. ఆ ఫోటో వేరే ఏ లెన్స్‌తోనూ అలా వచ్చేది కాదు. కానీ మిట్టమధ్యాహ్నం ఎండలోకి తిప్పారంటే బొమ్మ అంతా తెల్లగా పాలిపోతుంది. హుడ్ (లెన్స్ ముందు నీడపట్టే గొట్టం) లేకుండా వాడకూడదు.

దీనితోనే దెబ్బ కూడా తిన్నాను. నేను మొదట కొన్న జూపిటర్ ఎఫ్/8కు మూసినా పదును రాలేదు. ఎవరో గ్రీజు మార్చడానికి విప్పి, మరలను తప్పు చోట కలిపి బిగించారు, దూరపు వస్తువులు అసలు ఫోకస్‌లోకి రాలేదు. బయటికి చూస్తే కొత్తదానిలా మెరుస్తోంది. అప్పటినుంచి జూపిటర్‌ను ఫోటోలు చూసి కొనడం మానేశాను. విదేశం నుంచి తెప్పిస్తే తిప్పి పంపడం కష్టం, పైగా కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు కలిస్తే చవక అన్న మాటే ఉండదు.

ఇక నికార్. 1984లో పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరంలో స్టీవ్ మెక్‌కరీ తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్ఘాన్ అమ్మాయి ఫోటో, 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం, ఈ 105తో తీసిందే. ఆ పేరు కోసం కొనమని చెప్పను. ఎఫ్/2.5 దగ్గరే కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తాయి, వెనక బొకే మాత్రం గరుకుగా ఉండదు. చామనఛాయ ముఖం మీద నీడల మెట్లు ఒక్కొక్కటీ నిలుస్తాయి. లోపమల్లా ఒక మీటరు లోపల ఫోకస్ కాదు. ముఖంలో కళ్లు మాత్రమే నింపాలనుకుంటే చాలదు.

కెమెరా బాడీ దగ్గర జాగ్రత్త. మిర్రర్‌లెస్‌కు అడాప్టర్ వేస్తే మూడూ పనిచేస్తాయి, ఫోకస్ పీకింగ్ (ఫోకస్‌లో ఉన్న అంచులను స్క్రీన్ మీద రంగుతో చూపడం) సాయం కూడా ఉంటుంది. కెనాన్ ఈఎఫ్ డీఎస్ఎల్ఆర్‌కూ అడాప్టర్ దొరుకుతుంది. చిక్కంతా నికాన్ డీఎస్ఎల్ఆర్‌తోనే. ఎం42 మౌంట్ (మరలా తిప్పి బిగించే పాత రకం) ఉన్న హీలియోస్, జూపిటర్‌లను దానికి మామూలు అడాప్టర్‌తో పెడితే దూరానికి ఫోకస్ కావు, దగ్గరి ముఖాల వరకే పనికొస్తాయి. లోపల చిన్న లెన్స్ గాజు ఉన్న అడాప్టర్ ఆ లోటు తీర్చినా పదును తగ్గిస్తుంది. నికార్ నేరుగా కూర్చుంటుంది. డీ7000, డీ7200 లాంటివి వెలుగు కూడా కొలుస్తాయి. డీ3000, డీ5000 సిరీస్‌లలో వెలుగు కొలిచే మీటర్ పనిచేయదు, ఎం (మాన్యువల్) మోడ్‌లో హిస్టోగ్రామ్ (వెలుగునీడల పంపకం చూపే గ్రాఫ్) చూసుకుంటూ తీయాలి. అపర్చర్ రింగ్ మీద అంకెలు రెండు వరుసల్లో ఉన్నదే, అంటే ఏఐ లేదా ఏఐ-ఎస్ (నికాన్ లెన్స్ మౌంట్ రకాల పేర్లు) రకమే తీసుకోండి. ఏఐకి మార్చని పాతరకం బిగిస్తే డీ7000 లాంటి బాడీ మీదున్న చిన్న మీట విరగొచ్చు.

కొనేటప్పుడు ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడులా పాకిన గీతలు ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల తేమలో బీరువాలో మూతపెట్టి ఉంచిన లెన్సులకు ఇది తప్పని బెడద. ఎంత తగ్గించి ఇస్తామన్నా తీసుకోవద్దు. లోపల నాలుగు దుమ్ము కణాలుంటే పట్టించుకోకండి. బ్లేడ్ల మీద నూనె కనిపిస్తే ఏ లెన్స్ అన్నది చూడాలి. హీలియోస్ 44-2లో అపర్చర్‌ను రింగుతో మీరే మూస్తారు కాబట్టి నూనెతో పెద్ద నష్టం లేదు. నికార్ బ్లేడ్లు మాత్రం వెనకున్న మీటను వేలితో కదిపి వదలగానే చటుక్కున కదలాలి. నెమ్మదిగా జరిగితే ఫోటో ఓవర్ ఎక్స్‌పోజ్ అవుతుంది.

చివరగా మీ సొంత కెమెరా తీసుకెళ్లి, అమ్మే మనిషినే గుమ్మంలో నిలబెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి కంటిమీద ఫోకస్ పెట్టి ఐదారు తీయండి. తర్వాత వీధి చివరి కరెంటు స్తంభం మీద ఫోకస్ పెట్టి ఒకటి. రెండూ స్క్రీన్ మీద పెద్దవి చేసి చూశాకే డబ్బులివ్వండి.