హెచ్చరిక: "ట్రూ రాండమ్" యూఎస్‌బీ పరికరం కొనేముందు ఇది చదవండి

నిజమైన రాండమ్ నంబర్లు ఇస్తుందంటూ అమ్ముతున్న చవక యూఎస్‌బీ పరికరాల్లో కొన్నింట అసలు నాయిస్ (ముందుగా ఊహించలేని విద్యుత్ ఒడిదుడుకులు) పుట్టించే భాగమే లేదు. విప్పి చూసినదాంట్లో ఒక మామూలు మైక్రోకంట్రోలర్, ఒక క్రిస్టల్, ఒక ఎల్ఈడీ, అంతే. పీకి మళ్లీ పెడితే మొదటి నుంచి అవే బైట్లు. దాంతో క్రిప్టో వాలెట్ రహస్య కీ తయారుచేస్తే, అదే పరికరం కొన్న ఇంకొకరి దగ్గరా అదే కీ పుట్టే ప్రమాదం ఉంది.

అమ్మకపు పేజీలో పెట్టే డైహార్డర్ (అంకెలు రాండమ్‌గా కనిపిస్తున్నాయా అని చూసే పరీక్షల ప్రోగ్రామ్) రిపోర్టు చూసి డబ్బు పెట్టకండి. ఆ రిపోర్టు నిజమే కావచ్చు. అన్నీ సున్నాలున్న కీతో ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని కౌంటర్ మోడ్‌లో (వరస అంకెలను ఎన్‌క్రిప్ట్ చేస్తూ) నడిపినా, అంటే ఎవరైనా మళ్లీ పుట్టించగల అంకెలైనా, ఆ పరీక్షలు పాసవుతుంది మరి! ప్రోగ్రాముల్లో రాండమ్ అంకెలకు వాడే మెర్సెన్ ట్విస్టర్ అనే సూత్రాన్నే చూడండి: చూడ్డానికి చక్కటి అంకెలే, కానీ 32 బిట్ల విలువలు వరసగా 624 చేతికి వస్తే ఆ తర్వాతివన్నీ ముందే చెప్పేయొచ్చు. 2006 నుంచి 2008 దాకా డెబియన్ లినక్స్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (కీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్)లో సీడ్‌గా, అంటే అంకెలకు మొదలయ్యే విలువగా, ప్రాసెస్ ఐడీ (నడిచే ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే నంబరు) ఒక్కటే మిగలడంతో, ఒక్కో రకం కీకి దాదాపు 32 వేల అవకాశాలే ఉండేవి.

కొన్నవాళ్లు వెంటనే చేయాల్సింది రీస్టార్ట్ పరీక్ష. పరికరం పీకి పది సెకన్లు ఆగి, పెట్టి, మొదటి 1,024 బైట్లను లినక్స్‌లోని డీడీ (dd) కమాండ్‌తో ఫైల్లోకి తీసుకోండి. కనీసం ఐదుసార్లు చేసి, ఫైళ్లను పోల్చే సీఎంపీ (cmp) కమాండ్‌తో పోల్చండి. సిసలైన నాయిస్ అయితే ఏ రెండు ఫైళ్లలోనైనా ఒకే స్థానంలో కలిసే బైట్లు సగటున 4. వందల్లో కలిశాయంటే వాపసు ఇచ్చేయండి. పరికరం కనిపించే సీరియల్ పోర్టును ముందుగా రా మోడ్‌లో (వచ్చిన బైట్లను మార్చకుండా ఇచ్చేలా) పెట్టడం మర్చిపోవద్దు, లేకుంటే లినక్స్ 13 విలువ బైట్లను 10గా మార్చేసి పరికరం ఇచ్చిన డేటాను పాడుచేస్తుంది.

ఈ పరీక్ష గట్టెక్కినంత మాత్రాన నమ్మేయలేం. నాయిస్ లేని పరికరమైనా ప్రతిసారీ ఒక లెక్కను (కౌంటర్) తన ఫ్లాష్ మెమరీలో పెంచుకుంటూ పోతే బైట్లు మారుతూనే కనిపిస్తాయి. అందుకే కొనకముందే రెండు అడగండి: సర్క్యూట్ డయాగ్రమ్, హ్యాషింగ్‌కు (అంకెలను కలిపి నునుపు చేసే లెక్కకు) ముందున్న రా డేటా, అంటే సర్క్యూట్ నుంచి నేరుగా వచ్చినది. ట్రాన్సిస్టర్ జంక్షన్ అవలాంచ్ నాయిస్ (జంక్షన్‌కు ఎదురు వోల్టేజీ పెట్టినప్పుడు పుట్టే నాయిస్) అని చెబితే దానికి సాధారణంగా యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులు చాలవు, బోర్డు మీద వోల్టేజీ పెంచే సర్క్యూట్ కనబడాలి. రా డేటా కొంచెం ఒకవైపు (సున్నాల వైపో, ఒకట్ల వైపో) మొగ్గి ఉండటం సహజం. మచ్చలేనంత శుభ్రంగా ఉంటే అది రా డేటా కాదనే అనుమానించండి.

పాస్‌వర్డ్‌లు, మామూలు కీల కోసమే అయితే ఇవేవీ కొనక్కర్లేదు, లినక్స్‌లో రాండమ్ బైట్లు ఇచ్చే గెట్‌రాండమ్ (getrandom) చాలు. ఇప్పటికే ఇలాంటి పరికరంతో కీలు చేసుకున్నవాళ్లు మాత్రం వాటిని ఈరోజే మార్చేయండి.