రెండో అంతస్తు లోపలి ఫ్లాటా, పదో అంతస్తు మూల ఫ్లాటా?

ఒకే బిల్డింగ్, ఒకే వైశాల్యం, అయినా పదో అంతస్తు మూల ఫ్లాట్‌కి ధర బాగా ఎక్కువ చెబుతారు. చాలామంది బిల్డర్లు అంతస్తు పెరిగేకొద్దీ చదరపు అడుగుకి కొంత కలుపుకుంటూ పోతారు, మూల ఫ్లాట్ అయితే దానికి వేరే, బాల్కనీలోంచి పార్కో చెరువో కనిపిస్తే ఇంకాస్త.

వీటిలో నేను నిజంగా విలువ ఇచ్చేది మూలకే. బయటి గోడలు రెండు దిక్కుల్లో ఉంటాయి కాబట్టి గాలి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోతుంది, పగలు లైటు వేసే పని పెద్దగా ఉండదు. లోపలి ఫ్లాట్‌లో కిటికీలన్నీ ఒకేవైపు ఉంటే ఆ హాయి ఎన్ని ఫ్యాన్లు పెట్టినా రాదు. కాకపోతే మూల ఫ్లాట్‌కి ఎండ వేడి, వాన చెమ్మ కూడా ఎక్కువే తగులుతాయి, పడమటి గోడ అయితే మరీను.

వ్యూకి డబ్బు పెట్టేముందు మాత్రం ఎదురుగా ఉన్న స్థలం ఎవరిదో, అక్కడ ఏం కట్టుకోవచ్చో కనుక్కోండి. రేపు అక్కడ ఇంకో బిల్డింగ్ లేస్తే వ్యూ పోతుంది, దానికోసం కట్టిన డబ్బు ఎవరూ వెనక్కివ్వరు.

రెండో అంతస్తులో రోడ్డు శబ్దం, దుమ్ము ఎక్కువ, నిజమే. కానీ లిఫ్ట్ ఆగిపోయిన రోజు దాని విలువ తెలుస్తుంది, ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే నేనైతే ఇదే తీసుకోమంటాను. లోన్ మీద కొనేవాళ్లు ఆ ధర తేడాకి పడే వడ్డీ కూడా కలిపి లెక్కేసుకోవాలి. అదే రెండో అంతస్తులో మూల ఫ్లాట్ ఖాళీగా ఉందేమో ముందు అడగండి.