శుక్రవారపు పారాయణ: స్త్రీలకేనా, అందరికీనా?

చెన్నైలోని మా తెలుగు ఇళ్లలో శుక్రవారం లలితా సహస్రనామ పారాయణకు స్త్రీలే కూడుతారు. మగవారినీ చేర్చుకోవాలా అన్న ప్రశ్న ఇప్పుడు మా ముందుకు వచ్చింది. అమెరికాలో హిందూ సంప్రదాయానికి వెలుపల స్త్రీ దైవాన్ని కొలిచేవారు దీన్ని రెండు విధాలుగా తేల్చుకున్నారు: 1971లో జుజన్నా బుడాపెస్ట్ లాస్ ఏంజెలెస్‌లో ప్రారంభించిన బృందం స్త్రీలకే పరిమితం కాగా, స్టార్‌హాక్ తదితరులు శాన్ ఫ్రాన్సిస్కోలో నెలకొల్పిన ‘రీక్లెయిమింగ్’ అనే బృందం పురుషులనూ చేర్చుకుంది.

స్త్రీలు మాత్రమే ఉన్న గదిలో, వెయ్యి నామాలు ముగిసి గుగ్గిళ్లు పంచుకునే వేళకు, ఎవరో ఒకరు పోయిన కడుపు గురించో, ఇంట్లో దిగమింగిన దుఃఖం గురించో నోరు విప్పుతారు. ఒక్క మగవాడు వచ్చి కూర్చున్నా ఆ మాట గొంతులోనే ఆగిపోవడం నేను కళ్లారా చూశాను. అయితే భర్త పోయినవారికి తాంబూలం ఇవ్వడానికి వెనుకాడినంత కాలం అది స్త్రీలందరి చోటు అనిపించుకోదు.

అందరూ కలిసే పద్ధతికీ ఆధారముంది. ఈ నామాలను హయగ్రీవుడు ఉపదేశించింది అగస్త్యుడికే. చెన్నైకి దక్షిణాన ఉన్న మేల్‌మరువత్తూర్ ఆదిపరాశక్తి పీఠంలో పురుషులూ మొక్కుతారు, స్త్రీలు నెలసరి రోజుల్లో సైతం పూజ చేస్తారు. మన ఇళ్లలో మాత్రం మగవారు రాగానే సంకల్పం, హారతి వారి చేతికి వెళ్లిపోతాయి. అందుకే శుక్రవారాన్ని స్త్రీలకే ఉంచి, హారతి స్త్రీలే ఇవ్వాలన్న షరతుతో పౌర్ణమి పారాయణను అందరికీ తెరవడం నాకు న్యాయంగా తోస్తోంది.