కొండ మంచుకూ ఎడారి ఇసుకకూ ఒకే టెంట్: ఐదారేళ్ల వాడకం తర్వాత

మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం. స్నేహితులం కలిసి కొనుక్కున్న నలుగురు పట్టే డోమ్ టెంట్‌ని ఐదారేళ్లుగా వాడుతున్నాం. దేవమాలి కొండ మీద, కొలాబ్ నది ఒడ్డున, దుడుమ జలపాతం దగ్గర దీంట్లోనే పడుకున్నాం. కిందటి చలికాలం రెండు ఫోర్‌వీల్ బళ్లలో జగదల్‌పూర్, రాయపూర్ మీదుగా రాజస్థాన్ దాకా వెళ్లి థార్ ఎడారిలోనూ దీన్నే వేశాం. బ్రాండు పేరు రాయడం లేదు. ఇదే కుట్టు, ఇవే కొలతలతో మూడు నాలుగు పేర్ల మీద అమ్ముతున్నారు కాబట్టి, కొనేటప్పుడు ఏం చూసుకోవాలో చెబితేనే ఎక్కువ ఉపయోగం.

లోపలి పొర సగం గుడ్డ, సగం దోమతెర. దాని మీద పాలిస్టర్ పైగుడ్డ. అల్యూమినియం కర్రలు, రెండు తలుపులు. బరువు ఆరు కిలోల పైమాటే, కాబట్టి భుజాన వేసుకుని కొండెక్కడానికి కాదు, బండిలో వేసుకెళ్లడానికే. నలుగురికని రాసి ఉన్నా సామాన్లతో కలిపి ముగ్గురికి సుఖం.

షాపులో ముందు చూపించేది 3000 మి.మీ. అన్న అంకె. ఆ గుడ్డ మీద మూడు మీటర్ల ఎత్తున నీళ్లు నిలబెట్టినా కారదని దానర్థం. మా కొండల్లో జూలై వానకి అది నిజంగానే ఆగింది. 1,672 మీటర్ల ఎత్తున్న దేవమాలి మీద రాత్రంతా కురిసినా కుట్ల దగ్గర చెమ్మ కూడా రాలేదు. తెల్లారి మొహం మీద చుక్కలు పడ్డాయంటే అవి వాన చుక్కలు కావు, మన ఊపిరే పైగుడ్డకి పట్టి నీరైనవి. ఎంత చలేసినా పైన గాలి కిటికీలు మూయకండి.

ఈ గుడ్డకి అసలు శత్రువు వాన కాదు, వాన తర్వాత తడిగా మడిచిపెట్టడం. లోపలివైపు పూసిన ప్లాస్టిక్ పూత తేమకి మెల్లగా విరిగిపోతుంది. ముందు జిగట, తర్వాత పుల్లటి వాసన, ఆఖరికి పొరలు పొరలుగా ఊడిపోతుంది. రాయగడలో ఉన్న మా వాడి టెంట్ అలాగే పోయింది. మాది ఇంటికి రాగానే హాల్లో తాడు మీద ఆరేసి, ఫ్యాను కింద రెండు రోజులు ఉంచుతాం. అందుకే ఇప్పటికీ పూత చెక్కుచెదరలేదు.

ఇక ఎడారి. ఎడారంటే అంతా ఇసుకే అనుకుంటాం. జైసల్మేర్, బాడ్మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్లు పరుచుకున్న డెజర్ట్ నేషనల్ పార్కులో ఇసుక దిబ్బలు ఐదో వంతే. మిగతాదంతా రాతినేల, గులకరాళ్లు, ఉప్పు పల్లాలు, గడ్డి. టెంటుకి కష్టం ఇక్కడే. ఒక రాత్రి మేకు దిగనే దిగదు, మర్నాటి రాత్రి దిగిన మేకు నిలవదు.

టెంటుతో ఇచ్చిన సన్న మేకులు రాతినేలలో సుత్తి దెబ్బకి వంగిపోయాయి. జయపురంలో కమ్మరి దగ్గర స్లాబు కడ్డీ కోయించి, కొనలు సాగదీయించి తీసుకెళ్లిన ఇనుప మేకులే పట్టుకున్నాయి. ఖూడీ ఊరి వైపు ఇసుకలోకి వచ్చేసరికి అవీ రెండు వేళ్లతో లాగితే వచ్చేశాయి. మాతో వచ్చిన సునాబేడ కుర్రాడు, "బావా, ఇక్కడ గుచ్చితే లాభం లేదు, పాతెయ్యాలి" అని చిన్న గోనెసంచులు బయటకి తీశాడు. సంచి నిండా ఇసుక పోసి, దాని నడుముకి టెంటు తాడు కట్టి, మోచేతి లోతున అడ్డంగా పాతి, పైన ఇసుక పోసి బాగా తొక్కాలి. తాడు లాగితే సంచి ఒక్కటే కాదు, దాని మీదున్న ఇసుకంతా లేవాలి, అందుకే కదలదు. ఆ రాత్రి గాలికి టెంట్ ఒక పక్కకి పూర్తిగా ఒరిగి, మళ్లీ లేచి నిలబడింది. అల్యూమినియం కర్రలు కాబట్టి వంగి తిరిగొచ్చాయి. ఫైబర్ కర్రలైతే నిలువునా చీలతాయి. డబ్బు ఎక్కువైనా అల్యూమినియమే తీసుకోండి.

దుమ్ము విషయంలో మాత్రం నాకు ఈ టెంట్ నచ్చలేదు. దోమతెర మా అడవిలో వరం, అక్కడ జల్లెడ. పైగుడ్డ కింది అంచులోంచి గాలి దూరి, సన్నటి పొడిని లోపలికి జల్లుతుంది. పొద్దున లేచేసరికి దుప్పటి మీద, కనురెప్పల మీద, చోడి పిండి డబ్బా మూత మీద అదే పొర. తలుపు జిప్పు రన్నర్లలో ఇసుక ఇరుక్కుని కరకరలాడేది. బలంగా లాగితే పళ్లు పోతాయి. పాత టూత్‌బ్రష్‌తో దులిపి, కొవ్వొత్తి మైనం రాశాం. నూనె రాయకండి, ఇసుకని ఇంకా పట్టుకుంటుంది. భురట్ గడ్డి ముళ్లకాయలు అడుగు గుడ్డకి గుచ్చుకుంటాయి కాబట్టి కింద మందపాటి టార్పాలిన్ పరవకుండా టెంట్ వేయొద్దు. జమ్మి చెట్టు నీడ బాగుంటుంది గానీ రాలిన ముళ్లు ఏరకుండా అక్కడా వేయలేం.

చోటు సంగతి గట్టిగా చెప్పాలి. పార్కు లోపల మన ఇష్టానికి రాత్రి మకాం కుదరదు. మేం పార్కు బయట, ఊరి పెద్దాయనని అడిగి, ఆయన సజ్జ కోసిన చేలో వేసుకున్నాం. సరిహద్దు దగ్గరి ప్రాంతాలకైతే జిల్లా యంత్రాంగం అనుమతి కావాలి. ఇసుకలో బండి దిగబడకుండా టైర్లలో గాలి 18 పీఎస్‌ఐ దాకా దించుకుంటే టైరు ఎక్కువ మేర నేలకి ఆని తేలిపోతుంది, మళ్లీ రోడ్డెక్కేముందు పంపుతో నింపుకోవాలి. అంతవరకే మన సరదా. ఉన్న దారి దిగి గడ్డిలోకి మాత్రం పోనివ్వకండి. స్వేచ్ఛగా తిరిగేవి దేశం మొత్తమ్మీద 150 లోపే మిగిలిన బట్టమేక పక్షికి ఆ గడ్డే ఇల్లు. గూడు కట్టదు, నేల మీద ఒక్కటే గుడ్డు పెడుతుంది. కర్నూలు వైపు రోళ్లపాడు అభయారణ్యంలో ఎంత తిరిగినా కనబడని పిట్టని ఈ పార్కులోని సుదాసరి దగ్గర దూరంగా, మెడ నిక్కించి నడుస్తుంటే చూశాం. మా వాళ్లలో ఎవరికీ మాట రాలేదు. ఆ గుడ్డు మీంచి బండి తోలడానికి ఏ సరదా సరిపోదు.

మొత్తమ్మీద, బండిలో తిరిగే ముగ్గురు స్నేహితులకి, ఏడాదిలో ఎక్కువ రాత్రులు కోరాపుట్ లాంటి తడి కొండల్లో గడిపేవాళ్లకి, ఈ రకం టెంట్ కళ్లు మూసుకుని కొనొచ్చు. వచ్చిన మేకులు పక్కన పడేసి ఇనుపవి చేయించుకోండి, ఆరు గోనెసంచులు సంచిలో పెట్టుకోండి. మాకు ఇప్పుడు రెండు రన్నర్లు మార్చాలి, బ్యాగులు కుట్టే దర్జీ చేస్తానన్నాడు. ఎడారి కోసమే కొనేవాళ్లు మాత్రం లోపలి పొర నిండు గుడ్డతో, దోమతెర మీద మూసుకునే జిప్పు ఉన్న రకం వెతుక్కోండి. ధర కొంచెం ఎక్కువే.