శ్రమదినాల్లో మార్కు సువార్త, ఏడు పశ్చాత్తాప కీర్తనలు: కొన్నేళ్ల పఠనం తరువాత

భస్మ బుధవారం మొదలుకొని ఈస్టర్ వరకు చదువుకోవడానికి ధ్యాన పుస్తకాలు ఏటా వస్తూనే ఉంటాయి. వాటిలో చాలా వాటిని నేనూ చదివాను. ఒక వచనం, ఒక చిన్న కథ, ఒక ప్రార్థన అన్న వరుసలో సాగే ఆ పుటల్లో సాయంత్రానికి కథ గుర్తుండేది, వచనం జారిపోయేది. అందువల్ల కొన్నేళ్లుగా వాటిని పక్కనబెట్టి, మార్కు సువార్తను, బైబిలు కీర్తనల గ్రంథంలో సంఘం పూర్వకాలం నుండి పశ్చాత్తాప కీర్తనలుగా ఎంచుకున్న ఏడింటిని (6, 32, 38, 51, 102, 130, 143) మాత్రమే శ్రమదినాల్లో చదువుతున్నాను.

శ్రమదినాలు, అంటే లెంట్, మొత్తం 46 రోజులు. ఆరు ఆదివారాలను తీసివేస్తే 40. బుధవారం నుండి శనివారం వరకున్న మొదటి నాలుగు రోజులను ఒక భాగంగా తీసుకొని తరువాతి ఆరు వారాలతో కలిపితే ఏడు భాగాలవుతాయి కనుక, వారానికొక కీర్తన సరిపోతుంది. భస్మ బుధవారానికి 51వ కీర్తనను ముందుకు తెచ్చి, మిగిలినవి వరుసలోనే ఉంచాను. ఒకే కీర్తనను వారమంతా చదవడం మూడో రోజుకు విసుగనిపించవచ్చు గాని, శనివారానికి అది పుస్తకం చూడకుండానే నోటికి వస్తుంది. మార్కు 1 నుండి 10 అధ్యాయాలను ఈస్టర్‌కు ముందటి ఆదివారమైన మట్టల ఆదివారానికి ముందు, ఆదివారాలు విడిచి, 34 రోజులకు పంచితే రోజుకు పన్నెండు, పదమూడు వచనాలే పడతాయి.

ఈ పద్ధతి అసలు విలువ ఈస్టర్‌కు ముందటి శ్రమల వారంలో తెలుస్తుంది. మార్కు తన 16 అధ్యాయాల్లో చివరి ఆరింటిని దాదాపుగా ఆ ఒక్క వారానికే కేటాయించి, రోజులను కూడా సూచిస్తూ వెళ్తాడు గనుక, మట్టల ఆదివారం నాడు యెరూషలేము ప్రవేశం, సోమవారం దేవాలయ శుద్ధి, బుధవారం బేతనియలో అత్తరు అభిషేకం, యేసును అప్పగించడానికి యూదా చేసిన బేరం, గురువారం కడరాత్రి భోజనం, గెత్సేమనేలో ప్రార్థన, శుక్రవారం 15వ అధ్యాయం అన్నట్లు ఆ రోజు చదువు ఆ రోజుకే దొరుకుతుంది. శనివారానికి మార్కులో దాదాపు ఏమీ లేదు. ఆ రోజు 143వ కీర్తన ఒక్కటే చదువుతాను. ఎప్పుడో చనిపోయినవారితోపాటు చీకటిలో ఉంచబడ్డానని చెప్పే మూడవ వచనం సమాధి దినానికి తగినట్లుంటుంది.

లోపాలూ ఉన్నాయి. మంగళవారపు భాగం 11:20 నుండి 13వ అధ్యాయం చివరి వరకు, అంటే 95 వచనాలు. ఉద్యోగానికి వెళ్లేవారికి అది ఉదయం పూట పూర్తికాదు కనుక 13వ అధ్యాయాన్ని రాత్రికి ఉంచుకోవడం మేలు. వచనాల లెక్క పట్టుకొని యాయీరు కుమార్తె వృత్తాంతాన్ని (5:21-43) రెండు రోజులకు విడగొట్టకూడదు. రక్తస్రావం గల స్త్రీ సంగతి దాని మధ్యలోనే జరుగుతుంది గనుక, విడగొడితే తండ్రి పడిన ఆలస్యపు వేదన అంతా పోతుంది. 38వ కీర్తనలోని గాయాల, దుర్వాసనల వర్ణన అనారోగ్యంతో ఉన్నవారికి భారంగా ఉండవచ్చు. వారు ఆ వారం కూడా 32వ కీర్తనతోనే ఉండవచ్చునని నా అభిప్రాయం.

వివరణ కోరుకునేవారికి ఇది చాలదు. పస్కా ఆచారాల గురించో, సద్దూకయ్యుల గురించో తెలియాలంటే వేరే పుస్తకం పట్టుకోవలసిందే. కుటుంబ ప్రార్థనలో గట్టిగా చదివేవారికి మాత్రం నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. చదివిన తరువాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పాటల పుస్తకం నుండి ఒక శ్రమల పాట పాడుకున్నా మామూలు రోజుల్లో మొత్తం పావుగంట దాటదు.