గుట్టు ముందే విప్పాలా, చివరిదాకా దాచాలా? క్లైమాక్స్‌కి ఏది బలం

కథలో ఒక గుట్టు ఉందంటే రాసేవాళ్ల ముందు రెండు దారులుంటాయి. పాత్రలకు తెలియనివ్వకుండా ప్రేక్షకుడికి మాత్రం ముందే చెప్పేసి, ఎప్పుడు బయటపడుతుందో అని కూర్చోబెట్టడం ఒకటి. ప్రేక్షకుడికి కూడా దాచి, చివర్లో ఒక్క దెబ్బతో విప్పడం ఇంకొకటి. కొత్తగా స్క్రిప్టు రాసేవాళ్లలో చాలామంది ఆలోచించకుండా రెండోది పట్టుకుంటారు, ట్విస్టు ఉంటేనే పనితనం ఉన్నట్టని. నిజానికి చాలా కథలకు మొదటి దారే మేలు. రెండోది నిలబడే చోట్లు తక్కువ, కానీ అక్కడ దానికి సాటి లేదు.

ఒకే సన్నివేశాన్ని రెండు రకాలుగా రాసి చూద్దాం. పెళ్లిపందిరి. పెళ్లికూతురి మెడలో ఉన్న హారం గిల్టుది. అసలు హారం తాకట్టులో ఉంది. ఆ సంగతి తండ్రికి తప్ప ఎవరికీ తెలియదు.

దాచి రాస్తే ఇలా ఉంటుంది: మూడు పేజీలు పెళ్లి హడావిడి, చివర్లో వియ్యపురాలు హారం అరచేతిలో పట్టుకుని బరువు చూసి ‘ఇది బంగారం కాదు’ అంటుంది. ఆ మాటకి ఉలిక్కిపడతాం. అయితే అంతకుముందు గడిచిన మూడు పేజీల్లో మనకి పని లేదు. భోజనాలు, బాజాలు, పలకరింపులు చూస్తూ ఎప్పుడు అసలు విషయంలోకి వస్తారా అని కాచుక్కూర్చుంటాం.

చెప్పి రాయాలంటే ముందు ఒక పావు పేజీ చేర్చాలి. తండ్రి తాకట్టు రసీదు నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకోవడం, గిల్టు హారాన్ని పాత నగలపెట్టెలో సర్దడం. అంతే. ఆ తర్వాతి మూడు పేజీల్లో ఒక్క మాట మార్చక్కర్లేదు, అవే వేరేగా పలుకుతాయి. ‘హారం భలే ఉంది, ఎక్కడ చేయించారు అన్నయ్యగారూ?’ అని వియ్యపురాలు అడిగితే మామూలు పలకరింపు కాస్తా విచారణ అయిపోతుంది. ఫోటోగ్రాఫరు ‘హారం కొంచెం పైకి జరపండమ్మా’ అంటే గుండె గుబేలుమంటుంది. పెళ్లికొడుకు మేనమామ కంసాలి పని చేస్తాడని తెలిస్తే ఇక చూసుకోండి.

అలాగని గుట్టు చెప్పేస్తే చాలదు. మూడు కుదరాలి. ఒకటి, గడువు: ముహూర్తం దాటితే గండం గడుస్తుందన్న లెక్క ప్రేక్షకుడికి తెలియాలి. రెండు, తప్పిపోయిన గండాలు ఒకదాన్ని మించి ఒకటి ఉండాలి, మూడుకి మించితే విసుగు. మూడోది, అందరూ తరచూ మరిచేది: గుట్టు మనం భయపడిన దారిలో బయటపడకూడదు. వియ్యపురాలు కనిపెడుతుందని మనం వణుకుతుంటే, పెళ్లికూతురే హారం తీసి అత్తగారి చేతిలో పెట్టాలి. ఈ మూడోది లేని కథ చివరికొచ్చేసరికి చప్పబడుతుంది. ఇంకో రోగం కూడా ఉంది: గుట్టు నిలవడం కోసం పాత్రల్ని తెలివితక్కువవాళ్లుగా చేయడం. ఎదురుగా రసీదు పడి ఉన్నా చూడని మామగారిని ఒకసారి క్షమిస్తారు, రెండోసారి నవ్వుతారు.

1957 నాటి ‘మాయాబజార్’ ఈ పద్ధతికి పాఠం. పెళ్లికూతురు శశిరేఖ కాదు, ఘటోత్కచుడని మనకి తెలుసు. కౌరవులకి తెలియదు. అందుకే పీటల మీద లక్ష్మణకుమారుడి కాలు నలిగితే హాలంతా నవ్వుతుంది. ఆ సంగతి దాచి చివర్లో చెబితే అదంతా అర్థంకాని గోలగా మిగిలేది. విడుపు చూడండి: మోసం ఘటోత్కచుడి వేషం జారిపోవడంతో బయటపడదు. నిజం పలికించే పీఠం ఎక్కి శకుని తన నోటితోనే కౌరవుల కుట్ర కక్కుతాడు. మనం కాచుకున్నది ఒక గుట్టు కోసం, పేలింది ఎదుటివాడి గుట్టు.

‘కన్యాశుల్కం’లోనూ అదే యంత్రం. లుబ్ధావధాన్లు డబ్బు పోసి కట్టుకున్నది ఆడపిల్ల కాదు, కరటకశాస్త్రి శిష్యుడని మనకి మొదటినుంచీ ఎరుకే. పెళ్లికూతురు మాయమై అవధాన్లు మీద హత్య కేసు పడ్డప్పుడు, చావనే చావని మనిషి కోసం కోర్టు తిరుగుతుంటే నవ్వూ జాలీ కలిసి వస్తాయి.

హాలీవుడ్ సస్పెన్స్ దర్శకుడు హిచ్‌కాక్ ఇంకా సాహసం చేశాడు. ‘వెర్టిగో’కి ఆధారమైన ఫ్రెంచి నవలలో హీరో వేర్వేరు మనుషులనుకున్న ఇద్దరు ఆడవాళ్లూ ఒకరేనన్న సంగతి చివర్లో తెలుస్తుంది. 1958 నాటి సినిమాలో ఆయన దాన్ని ఇంకా చాలా కథ మిగిలుండగానే, ఆమె రాసి చింపేసే ఉత్తరంతో విప్పేశాడు. అక్కడినుంచి ‘ఎవరామె’ అన్న ప్రశ్న పోయి ‘ఇతనికి తెలిస్తే ఏం చేస్తాడు’ అన్న ప్రశ్న మొదలైంది. రెండోదానికే బరువెక్కువ.

మరి దాచడం ఎక్కడ మేలు? చిన్న కథలో. వెయ్యి మాటల కథకి కొసమెరుపు సరిపోతుంది, పాఠకుడు వెంటనే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోగలడు. డిటెక్టివ్ కథలో ఎలాగూ అదే సరుకు. మన సినిమాకైతే ఇంటర్వెల్‌లో. రెండున్నర గంటల సినిమాలో సగం దగ్గర ట్విస్టు పడితే, జనం టీ తాగుతూ దాన్ని జీర్ణం చేసుకుంటారు. అదే ట్విస్టుని క్లైమాక్స్‌లో పెడితే ఆ సమయం దొరకదు. విలన్ పిస్తోలు పట్టుకుని ఎదురుగా ఉండగా ఎనిమిది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ నడపాలి. వేగం అక్కడే చస్తుంది. చివరి ట్విస్టు వివరణ లేకుండా ఒక్క దృశ్యంలో అర్థమైతేనే పెట్టాలి.

దాచడంలో మోసం చేయకూడదు. ‘నేను’ అంటూ చెప్పే పాత్రకి గుట్టు తెలిసి ఉండి, తన ఆలోచనల్లో కూడా దాన్ని తలుచుకోకపోతే పాఠకుడికి ఒళ్లు మండుతుంది. ఆధారాలు కనీసం మూడు ముందే వేయాలి, ప్రతిదీ వేరే పనిమీద ఉన్నట్టు కనిపించాలి. మొదటిదాన్ని హాస్యం పక్కన, రెండోదాన్ని గొడవ మధ్యలో పెడితే ఎవరూ పట్టుకోరు. ఒక్కటే వేస్తే ట్విస్టు ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది, ఆరు వేస్తే సగంలోనే కనిపెట్టేస్తారు.

సంగీతంలో ఈ తేడా ఇంకా తేటగా వినిపిస్తుంది. కర్ణాటక కచేరీలో తాళవాద్యాలు మాత్రమే మోగే ఘట్టం తని ఆవర్తనం. దాని చివర మృదంగం ముక్తాయింపు, అంటే ముగింపు లెక్క, మూడుసార్లు వస్తుంది. మొదటిసారి లెక్క అందదు, రెండోసారి పట్టు దొరుకుతుంది, మూడోసారి శ్రోతలు ముందే చేతులు సిద్ధం చేసుకుంటారు. పల్లవి ఎత్తుకున్న చోటికి ఖచ్చితంగా వచ్చి పడుతుందని తెలిసే ఆ ఉద్వేగం. దీనికి ఎదురు పాశ్చాత్య స్వరకర్త హైడెన్ వాద్యబృందం కోసం 1791లో రాసిన 94వ సింఫనీ. రెండో భాగం మెత్తగా నడుస్తూ పదహారో బార్‌లో (తాళఖండంలో) ఢామ్మని మోగుతుంది. ఆ మోతని అలాగే మళ్లీ వాడలేదు, రెండోసారికి అది పని చేయదని ఆయనకి తెలుసు.

నేపథ్య సంగీతం దగ్గర మనవాళ్లు చేసే పొరపాటొకటి ఇక్కడే చెప్పాలి. గుట్టు దాచిన సన్నివేశంలో ముందునుంచే వయొలిన్లు బుసకొడుతుంటే దాచి ఏం లాభం? దాచినప్పుడు సంగీతానికి పాత్రకి తెలిసినంతే తెలియాలి. చెప్పినప్పుడు మాత్రం పాత్రకన్నా ఎక్కువ తెలియవచ్చు.

రెంటినీ కలిపిన దారి కూడా ఉంది, థ్రిల్లర్‌కి నా ఓటు దానికే. ‘దృశ్యం’ (తెలుగులో 2014) చూడండి. చంపిందెవరో మనకి తెలుసు, కుటుంబం దొరికిపోతుందేమోనని సినిమా పొడుగునా బిగుసుకుని కూర్చుంటాం. శవం ఎక్కడుందో మాత్రం మనకీ చెప్పరు. చివరికి అది కొత్త పోలీస్‌స్టేషన్ నేల కిందే ఉందని తెలుస్తుంది, అదీ ఒక్క దృశ్యంలో, ఉపన్యాసం లేకుండా. నడకకి చెప్పిన గుట్టు, ముగింపుకి దాచిన గుట్టు.

ఏది వాడాలో తేలకపోతే స్క్రిప్టుని రెండు ప్రతులు తీయండి. ఒకదాంట్లో గుట్టు విప్పే పేజీని ముందు చేర్చి, ఒక్కో ప్రతిని కథ తెలియని ఒక్కొక్కరికి ఇవ్వండి. బాగుందా అని అడగొద్దు. ఏ పేజీ దగ్గర ఫోన్ చూసుకున్నారో అడగండి. గుట్టు తెలిసిన మనిషి తక్కువసార్లు చూసుకుంటే ముందే విప్పేయండి. ఇద్దరూ ఒకే పేజీ దగ్గర చూసుకుంటే ఆ పేజీ కొట్టేయండి, దానికీ గుట్టుకీ సంబంధం లేదు.