తార్నాకకు పోవాలా, నేతవాళ్ళ మ్యూజియంలో చేరాలా? ఆర్కైవ్స్ ఇంటర్న్‌షిప్‌కు ఏది మేలు

దేవరకొండ నుంచి డిగ్రీ రెండో సంవత్సరం చదివే చెల్లె ఒకామె పోయిన వారం ఫోన్ చేసింది. "అక్కా, ఇంటర్న్‌షిప్‌కు ఆరు వారాలున్నయి. తార్నాక స్టేట్ ఆర్కైవ్స్‌కు పోవాల్నా, మీరు పనిచేసిన నేతోళ్ళ మ్యూజియంల చేరాల్నా?" స్టేట్ ఆర్కైవ్స్ అంటే హైదరాబాద్ తార్నాకలో పాత ప్రభుత్వ కాగితాలు భద్రపరిచే చోటు.

నేను మొదట చేరింది హైదరాబాద్‌లోనే ఒక పెద్ద సంస్థ రికార్డు గదిలో. అది తార్నాక కాదు, తార్నాకకు తర్వాత పరిశోధన పని మీద చాలాసార్లు పోయాను. ఆ తర్వాత పాత నల్గొండ జిల్లాలో పద్మశాలీలు తమ సంఘం భవనంలో నడుపుకొనే చిన్న మ్యూజియంలో రెండు నెలలు పనిచేశాను. నా జవాబు ముందే చెప్తాను: మొదటి ఇంటర్న్‌షిప్ అయితే చిన్న మ్యూజియమే మేలు. కానీ రెండు షరతులున్నాయి.

తార్నాక గొప్పతనం తక్కువేం కాదు. షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి దక్కన్ పత్రాల నుంచి ఆసఫ్ జాహీల రెవెన్యూ ఫైళ్ళ దాకా అక్కడున్నాయి. పెన్ను బయట పెట్టి పెన్సిల్‌తోనే రాసుకోవడం, కట్టలో ఏ కాగితం తర్వాత ఏది ఉందో ఆ వరుస చెడగొట్టకపోవడం లాంటి క్రమశిక్షణ పెద్దచోటే బాగా అబ్బుతుంది. చిక్కల్లా భాష దగ్గరే. ఆ సంపదలో ఎక్కువ భాగం ఫార్సీ, ఉర్దూల్లో ఉంది. ఆ లిపి చదవడం రాకపోతే ఆరు వారాలూ దుమ్ము దులపడం, చీటీలు అంటించడంతోనే గడిచిపోవచ్చు. నేను చేరిన రికార్డు గదిలో అదే జరిగింది. మూడు వారాలు జిరాక్స్ తీశాను, తీసిన కాగితంలో ఏముందో ఒక్కరూ చెప్పలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అయినా అక్కడే నేర్చుకున్న ఒక సంగతి ఆ తర్వాత ప్రతిరోజూ పనికొచ్చింది. నిజాం కాలపు కాగితాల మీద ఉండేది ఫసలీ సంవత్సరం, అంటే పంటల లెక్కను బట్టి పెట్టుకున్న సర్కారు సంవత్సరం. 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని అందరూ చెప్తారు, అది సగమే నిజం. హైదరాబాద్ ఫసలీ అజుర్ నెలతో, అంటే అక్టోబరులో మొదలయ్యేది. డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. కడవెండిలో దొడ్డి కొమరయ్య అమరుడైంది 1946 జులై 4న, అంటే 1355 ఫసలీలో. 590 మాత్రమే కలిపితే 1945 వస్తుంది. రైతాంగ పోరాటం నాటి కాగితానికి ఒక ఏడాది తేడా అంటే చరిత్రే తారుమారు.

జిల్లాల్లోని ప్రభుత్వ మ్యూజియాలు మూడో దారి: పిల్లలమర్రి, పానగల్, అలంపురం. శిల్పాలు, శాసనాలు ఇష్టమైతే తప్పక పోవాలి. కాగితాల పని నేర్చుకోవాలంటే మాత్రం అక్కడ దొరికేది తక్కువ. అయితే అలంపురంలో కూడవెల్లి సంగమేశ్వరాలయం చూసినప్పుడల్లా నాకొక ఆలోచన వస్తుంది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులోంచి ఆ గుడిని రాయి రాయిగా విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. మునిగిన ఊళ్ళ ఇళ్ళల్లోని పద్దు పుస్తకాలను, పెళ్ళి ఫొటోలను అట్లా మోసుకొచ్చిందెవరు? సంఘాల మ్యూజియాలు ఎందుకుండాలో నాకు అక్కడే అర్థమైంది.

ఇక నేతవాళ్ళ మ్యూజియం. మొదటిరోజు నా ముందు ఒక రేకు పెట్టె పెట్టి, "దీంట్ల ఏమున్నదో మాకే తెల్వదు బిడ్డా" అన్నారు. తీస్తే నూలు లెక్కల పుస్తకాలు, సొసైటీ కాగితాలు, అడుగున ఉర్దూ రసీదుల కట్ట. స్టేప్లర్ పిన్నులు తుప్పుపట్టి చుట్టూ కాగితాన్ని తినేశాయి. పిన్నుకూ కాగితానికీ మధ్య పలుచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, పిన్ను కాళ్ళు ఒక్కొక్కటే లేపి తీయాలి. నాలుగు పేజీలకు ఒక పొద్దు పట్టింది. అంతకుముందే ఎవరో మంచి మనసుతో ఒక పాత రసీదుకు లామినేషన్ చేయించారు. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్‌ను ఇంక విడదీయలేం.

ఒక ఫొటో గురించి చెప్పాలి. వసారాలో ముగ్గురు ఆడవాళ్ళు ఆసు పోస్తున్నారు, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పుతున్నారు. రిజిస్టర్‌లో నేను "ఆసు పోస్తున్న స్త్రీలు" అని రాసుకున్నాను. చూడ్డానికొచ్చిన ఒక పెద్దమ్మ మధ్యలో ఉన్నామె మీద వేలుపెట్టి, "మా మేనత్త. గా భుజం జూడు, వంగిపోయింది. రాత్రి అన్నం గూడ ఎడమచేత్తోనే తినేది" అంది. ఆసు పోసే కుడిచెయ్యి నూలు పట్టుకొని మేకుల మధ్య పొద్దంతా అటూ ఇటూ తిరగాలి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ పడ్డ అదే నొప్పి చూసి యంత్రం తయారుచేశారు, దానికి ఆమె పేరే పెట్టి లక్ష్మీ ఆసు అన్నారు. పెద్దమ్మ మాటను ఆమె అనుమతితో రికార్డు చేసి, ఆ ఫొటో నంబరు కిందనే చేర్చాను. ఏ కేటలాగూ ఇవ్వలేని సమాచారం అది.

ఇక్కడి కష్టం ఇంకో రకం. లెక్కల పుస్తకంలో ఎవరి తాత ఎవరికి బాకీ పడ్డాడో రాసి ఉంది, ఆ రెండు ఇళ్ళూ ఇప్పటికీ ఎదురెదురుగా ఉన్నాయి. పెద్దచోట ఏది ఎవరికి చూపాలో రూల్ చెప్తుంది. ఇక్కడ మాత్రం సంఘం పెద్దలతో చాప మీద కూర్చొని మాట్లాడుకోవాలి. ఆ పుస్తకాన్ని భద్రపరచాలి గానీ బయట పెట్టొద్దని తేల్చడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఒక్క పేజీ కూడా వాట్సాప్‌లోకి పోనీయలేదు. ఆర్కైవ్స్ పనిలో అన్నిటికన్నా బరువైన పాఠం నాకు అదే.

షరతులు చెప్తానన్నాను కదా. వచ్చిన ప్రతి వస్తువునూ నంబరు వేసి, ఎవరిచ్చారో రాసే రిజిస్టర్ ఉండాలి. లేకపోతే మొదటిరోజే మొదలుపెట్టడానికి ఒప్పుకోవాలి. నేర్పడానికి వారానికి ఒక్కసారైనా వచ్చే తెలిసిన మనిషీ ఉండాలి. ఈ రెండూ లేని చోట చేతులు పెడితే మంచికంటే చెడే ఎక్కువ. అట్లాంటప్పుడు కాలేజీ లెటర్ పట్టుకొని తార్నాకకే పోవాలి. ఉర్దూ వస్తే మాత్రం ఈ లెక్కంతా మారుతుంది, తార్నాకలో నీకు ఆరు వారాలు చాలనే చాలవు.

చెల్లెకు ఇదంతా చెప్పి, ముందు మూడు రోజులు తార్నాకలో పని ఎట్లా నడుస్తుందో చూసి, మిగతా రోజులు మ్యూజియంలో చేరమన్నాను. తనకు ఉర్దూ రాదంది. వాళ్ళ తాత మాత్రం ఉర్దూ మీడియంలో చదివాడట. పెట్టె అడుగున ఉన్న రసీదుల కట్టను ఇంతవరకు ఎవరూ చదవలేదు. వచ్చేటప్పుడు తాతను కూడా వెంట తీసుకొని రమ్మన్నాను.